ఇన్నంక ఏం జేసిండ్రు?

మా మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పాలీహౌస్‌లో కార్నేషన్ పూలు కోస్తున్నాను. ఫోన్ పెట్టేశాక నాకు మొదట ఏడుపు రాలేదు, చప్పట వినిపించింది. ఆమెకు ఏదైనా తట్టిందంటే రెండు చేతులూ తలమీదికి లేపి ఒక్కటంటే ఒక్క చప్పట కొట్టేవారు, ముందు బెంచీ వాళ్ళు ఉలిక్కిపడేట్టు. మొయినాబాద్ దగ్గరి మా ఫార్మసీ కాలేజీలో ఆ చప్పుడు వినబడితే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు. దాని తర్వాత ఏదో ఒకటి జరిగి తీరేది మరి.

ఆమె ఏం చదివారు, ఎక్కడెక్కడ పనిచేశారు అనేవి సభల్లో చెప్పేవాళ్ళు చెప్తారు. నాకు తెలిసిన మేడం శంకర్‌పల్లి నుంచి స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీయడం మరిచిపోయి బయోకెమిస్ట్రీ పాఠం మొదలుపెట్టే మనిషి. ఒకసారి సగం పాఠం చెప్పాక ఆగి, "ఇయ్యాల నా గొంతు నాకే గుమ్‌గుమ్మని ఇనవడ్తున్నది, ఎందుకే?" అని అడిగారు. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో "హెల్మెట్, మేడం!" అని అరిచాం. ఆమె తీయలేదు. ఎవరు చెప్పినా లోపలికి వినబడకపోతే ఎట్లా ఉంటుందో చూడండని, దాంతోనే మిగతా పాఠం నడిపించేశారు.

ఆమె ప్రాణమంతా రిసెప్టర్లలోనే ఉండేది. రిసెప్టర్లంటే కణం గోడలోనో లోపలో ఉండి, బయటి నుంచి వచ్చిన కబురు అందుకునే ప్రోటీన్లు. ప్రపంచంలో దేన్ని చూపించినా ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. "ఎవరు చెప్పిండ్రు? ఎవరు ఇన్నరు? ఇన్నంక ఏం జేసిండ్రు?" పరీక్ష పేపరైనా, వరండాలో కుక్క మొరిగినా, క్యాంటీన్లో కొట్లాట అయినా ఇవే. ఒకసారి స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ గారితోనే అన్నారట: "సర్, మీరు చెప్పిండ్రు, మేం ఇన్నం. ఇన్నంక ఏం జేసినం? ఏం జెయ్యలే. అంటే తప్పు మీ నోట్ల లేదు, మా చెవుల లేదు, నడుమ ఎక్కడనో ఉన్నది. జర దేవులాడుండ్రి." పాపం, ఆయనకు మెచ్చుకున్నట్టో తిట్టినట్టో అర్థం కాలేదని చెప్పుకునేవాళ్ళు.

ఆమె బ్యాగులో ఎప్పుడూ బొట్టుబిళ్ళల అట్ట ఉండేది. నుదుటికి కాదు, పాఠానికి. ప్రోటీనుకు ఒక చిన్న ఫాస్ఫేట్ తగిలిస్తే దాని నడత ఎట్లా మారిపోతుందో చెప్పడానికి మా చేతులమీద బిళ్ళలు అంటించేవారు. "పెండ్లికి బొట్టువెట్టి పిలుస్తరా లేదా? బొట్టు పెట్టించుకున్నది కదులుతది, లేనిది ఇంట్లనే ఉంటది. మనిషి గదే మనిషి, బొట్టే ఫరక్. మల్ల పెట్టేటోడు ఒకడు, తీసేటోడు ఒకడు ఉండాలె. ఒక్కడే ఉంటే ఆగమాగమే!" అనేవారు. పారేయాల్సిన ప్రోటీనుకు కణం వేసే గుర్తు ఇంకొకటుంది. దానికి చేవెళ్ల రోడ్డు చూపించేవారు. వెడల్పు చేసేటప్పుడు గోడలమీద ఎర్ర గీత గీస్తారు కదా, ఆ గీత పడ్డాక ఇంటివాళ్ళు ఎంత సున్నం వేసుకున్నా కూల్చేవాళ్ళు రాకమానరు. నేను పరీక్షలో ఆ ఎర్ర గీత గురించే రాశాను, మార్కులు కూడా పడ్డాయి.

"చెప్పుడు అందరికొస్తది బిడ్డా, బందు చేసుడే విద్య" అన్నది ఆమె మాట. ఆ విద్య ఆమెకే రాదు! బెల్లు కొట్టినా ఆగేవారు కాదు. తర్వాతి పీరియడ్ సారు గుమ్మంలో నిలబడీ నిలబడీ, చివరికి వెనక బెంచీలో కూర్చుని పాఠం వినేవారు.

ఇంకొక విచిత్రం, తన మాట తప్పని తేలితే ఆమెకు పండగ. ల్యాబులో ఎర్రగా మారుతుందన్నది నీలంగా మారితే, "తప్పయింది! తప్పయింది!" అని పక్క గదివాళ్ళను కూడా పిలుచుకొచ్చి చూపించేవారు. మాకు నవ్వొచ్చేది. ఆ గుణం ఏమిటో నాకు కోసిన పూలు బండెక్కేదాకా ఉంచే మా పూలగదిలో తెలిసొచ్చింది.

చదువయ్యాక చందనవెల్లిలో ఒక కంపెనీలో చేరాను కానీ, నా మనసంతా సురంగల్‌లో మా బాపు ప్లాస్టిక్ కవరు కప్పి వేసిన పాలీహౌస్ మీదే ఉండేది. ఉద్యోగం మానేసి వచ్చి అందులో దిగాను. సగం గెర్బెరాలు, సగం కార్నేషన్లు. వానాకాలమంతా పూలు బంగారంలా వెళ్ళాయి. బతుకమ్మ పండుగ దాటిందో లేదో కార్నేషన్లు నిద్రపోవడం మొదలుపెట్టాయి. నిద్రపోవడమనే అంటారు పూలవాళ్ళు. రెక్కలు లోపలికి ముడుచుకుపోతాయి, ఇక లేవవు. పొద్దున బండి ఎక్కినప్పుడు నవ్వుతూ ఉన్న పువ్వు మర్నాటికల్లా కళ్ళు మూసేది. పట్నంలో మా పూలు కొనే సేటు ఫోన్ చేసి, "పూలు పంపుతున్నరా, నిద్రగోలీలు మింగిచ్చి పంపుతున్నరా?" అని అడిగాడు.

మొదటిసారి నవ్వాం. తర్వాత నవ్వు రాలేదు. చుట్టుపక్కల చేన్లలో అప్పటికే ప్లాట్ల రాళ్ళు పాతేశారు. వెంచర్ బ్రోకరు తెల్ల కారులో వచ్చి మా గట్టుమీద నిలబడి పోయేవాడు. ఒకరోజు బాపు అన్నం ముందు కూర్చుని చెప్పాడు: "మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల పెండ్లికి సేటు ఒక్క ఆర్డరిచ్చిండు. ఇదే ఆఖరుదన్నడు. ఇదిగూడ నిద్రవోతె నేను కవర్ ఇప్పేస్త బిడ్డా. భూమి వాళ్ళకిచ్చేద్దాం, నువ్వు మల్ల కంపెనీకి పో." ఆ కవరు కిందే నా బతుకు ఉందనుకున్నదాన్ని, కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఆ మధ్యాహ్నమే మేడంకి ఫోన్ చేశాను. కాలేజీ అయిపోగానే స్కూటీ మీద వచ్చేశారు. పూలగదిలోకి వచ్చి బాపుతో ఒక్క పలకరింపు కూడా లేకుండా, ముడుచుకున్న కార్నేషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని, "నీకెవరు చెప్పిండ్రే?" అని దాన్నే అడిగారు. బాపు నావైపు చూశాడు. ఈమెనా పిలిచినవు అన్నట్టు.

"గెర్బెరాలకేం గాలేదా అన్నా?"

"వాటికేం మేడం, రాయి లెక్కనున్నయి."

"అదే నీళ్ళు, అదే గది, అదే బండి. గెర్బెరాకు ఇనవడలే, కార్నేషన్‌కు ఇనవడ్డది!" చప్పట పడింది. బాపు అదిరిపడ్డాడు. "గాలి అన్నా, ఎథిలీన్ గాలి! కండ్లకు అవుపడది, దీని చెవికి మాత్రం మస్తు ఇనవడ్తది. పొగల ఉంటది, పండ్లల్ల ఉంటది. పూలగదిల పండ్లు గిన పెడ్తరా?"

"పూలగదిల పండ్లెందుకు పెడ్తం మేడం?" అన్నాడు బాపు. నేనూ తలూపాను. మేము అబద్ధం ఆడలేదు. కానీ మా అవ్వ గురించి ఇక్కడ చెప్పాలి. అవ్వంటే బాపు వాళ్ళమ్మ. మా గడప నుంచి మనిషైనా బండైనా ఒట్టి చేతులతో పోకూడదన్నది ఆమె పట్టుదల. మా పూలు కొంటున్న సేటుకు ప్రతి బండిలోనూ ఒక గంప పోవాల్సిందే. వానాకాలమంతా కూరగాయలు పంపింది. పండుగ దాటాక గట్లమీది సీతాఫలాలు. పండినవి ఏరి, ఆకులు కప్పి, తెల్లవారుజామున మరిచిపోతామని ముందురోజు పొద్దుగూకంగానే పూలగది మూలన పెట్టేది. మా లెక్కలో అవి పండ్లు కావు, మర్యాద. అందుకే ఆ ప్రశ్నకు మా ఇద్దరిలో ఒక్కరికీ గంప గుర్తురాలేదు.

అవ్వ చాయ్ తెచ్చింది. మేడం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, బ్యాగులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీశారు. నాకు నవ్వాగలేదు. పాఠం మొదలైంది.

"అవ్వా, మిగతాయన్నీ ఎవరన్న చెప్తె పని మొదలువెడ్తయి. ఇది ఉల్టా! ఏ గాలీ రానన్ని దినాలు ఈ పువ్వుల రిసెప్టర్ 'ఆగు, ఆగు, ముసల్దానివి గాకు' అని ఒర్లుతనే ఉంటది. ఎట్ల ఒర్లుతది? లోపట ఒక ప్రోటీనుకు బొట్టువెట్టి ఇంట్ల కూసోవెడ్తది." అవ్వ ముంజేతిమీద ఒక బిళ్ళ అంటించారు. "ఇగ గాలి వచ్చి రిసెప్టర్ మీద కూసున్నది. దాని నోరు బందు. బొట్టువెట్టేటోళ్ళు లేరు." బిళ్ళ ఊడదీశారు. "ఇప్పుడు గా ప్రోటీను తోక తెగి లోపలికి ఉరికి, 'పండుగైపోయింది, అంత సదురుండ్రి' అని చెప్తది. పువ్వు కండ్లు మూస్తది."

పాఠం ఎంత ఎక్కిందో కానీ అవ్వ ఆ చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కుంది. "శుక్రారం పూట బొట్టు తీస్తవేంది బిడ్డా! మంచిగుంటదా?"

మేడం నాలుక కరుచుకుని, ఆ బిళ్ళతోపాటు ఇంకో రెండు అంటించారు. అవ్వ శాంతించి, బిళ్ళల వంక చూసుకుంటూ అంది: "అంటే నోరున్నన్ని దినాలే బతుకన్నట్టు. నా లెక్కనే."

"నా లెక్క గూడ అవ్వా!" అని మేడం పగలబడి నవ్వారు.

ఆ రోజు ఆమె తేల్చింది పొగ అని. గది గుమ్మం ముందు ఇంజను ఆపకుండా బండి నిలబెడుతున్నారు, ఆ పొగలో ఎథిలీన్ ఉంటుంది అన్నారు. సరే, పెళ్ళి ఆర్డరుకు ముందు పోయే మామూలు సరుకుకు బండిని రోడ్డుమీదే ఉంచి, పూలను నెత్తిన మోసి ఎక్కించాం. మెడలు పట్టేశాయి. మర్నాడు సేటు ఫోన్: మళ్ళీ నిద్ర.

నేను మేడంకి ఫోన్ చేసి చెప్పాను. అవతల చప్పట వినిపించింది. "తప్పయిందా? బాగైంది! ఒక దారి మూసుకున్నది, ఇగ మిగిలినయి కొన్నే!"

పక్కనే ఉన్న బాపు ముఖం ఎర్రబడింది. "మన పూలు సస్తుంటె మేడంకు పండుగైతున్నదా?" అన్నాడు. ఆమె వినే ఉంటారు. సాయంత్రానికి మళ్ళీ వచ్చారు. ఈసారి చప్పట లేదు, మాట కూడా తక్కువే. నీళ్ళు వాసన చూశారు, కత్తెర వాసన చూశారు, గది నాలుగు మూలలూ తిరిగారు. అవ్వ ఇంకా గంప పెట్టలేదు. "దొరుకుతలేదు అన్నా" అని బాపుతో నెమ్మదిగా అన్నారు. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. బాపుకే ఎట్లాగో అయిపోయి, "పోనియ్యుండ్రి మేడం, మీరు మాత్రం ఏం జేస్తరు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు అవ్వ ఊరుకుంటుందా? పండిన సీతాఫలాలు ఒక సంచి, కార్నేషన్లు ఒక కట్ట తెచ్చి చేతిలో పెట్టింది. "ఒట్టిచేతుల్తోని పోతవా బిడ్డా?" మేడం రెండింటినీ స్కూటీ డిక్కీలో కుక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారగట్ల మా గేటు ముందు హారన్ ఆగకుండా మోగింది. పరుగెత్తి చూస్తే మేడం, నెత్తిన హెల్మెట్, కాళ్ళకు ఇంటి చెప్పులు. సంచీ కట్టా డిక్కీలోనే మరిచిపోయారట. ఒక చేతిలో కళ్ళు మూసిన కార్నేషన్ల కట్ట, ఇంకో చేతిలో మెత్తబడ్డ సీతాఫలం. "అవ్వా! ఎవరు చెప్పిండ్రో దొరికిండ్రు!" అని అరుస్తూ చేతులు పైకి లేపారు. చప్పట కొట్టాలి కదా, చేతులు ఖాళీ లేవు. పండుతోనే కొట్టేశారు. అది పగిలి గుజ్జంతా హెల్మెట్ మీద, ఆమె భుజం మీద, మా బాపు చొక్కా మీద పడింది.

అందరం ఒక్కసారే పూలగది వైపు చూశాం. మూలన ఆకులు కప్పిన గంప, మర్యాదగా కూర్చుని ఉంది.

అవ్వ అక్కడే కూలబడింది. "నా చేతులతోనే సంపుకున్ననా? మంచికి పోతె చెడెదురైనట్టు, సేటుకు కోపమొచ్చిందని గంప ఇంక పెద్దగ చేస్తి గద బిడ్డా!"

"ఏందీ? పెద్దగ చేసినవా?" మేడం కళ్ళు మెరిశాయి. "ఆగుండ్రి, ఆగుండ్రి! పూలు చెడితే సేటుకు కోపం, కోపమొస్తె గంప పెద్దగైతది, గంప పెద్దగైతె పూలింకా చెడ్తయి! అవ్వా, పువ్వుల గూడ గిదే నడుస్తది! ఒకటి వాడేటప్పుడు అది గూడ గదే గాలి ఇడుస్తది, పక్కదాన్ని పిలుస్తది!" అంటూనే అవ్వ కన్నీళ్ళు చూసి ఆగిపోయారు. అవును, ఆగారు. కింద కూర్చుని, గుజ్జు అంటిన చేతిని చీర కొంగుకు తుడుచుకుని, అవ్వ చెయ్యి పట్టుకున్నారు. "నీ తప్పేం లేదవ్వా. నువ్వు సేటుకు మంచిమాట పంపినవు. పండు నడుమల పూలకింకో మాట చెప్పింది, గంతే."

అయినా ఆమె అప్పుడే నమ్మలేదు. ఇప్పటికే ఒకసారి తప్పయిందని ఆమే గుర్తుచేశారు. మూతలున్న రెండు డ్రమ్ములు తెప్పించి, రెండింట్లో ఒకే వరుసలో కోసిన పూలు పెట్టించారు. ఒకదాంట్లో మాత్రం రెండు సీతాఫలాలు. ఆ రోజంతా డ్రమ్ముల చుట్టూ కోడిపిల్లలా తిరిగారు. మర్నాడు పొద్దున మూతలు నన్ను తీయనీయలేదు, తను తీయలేదు, బాపునే తీయమన్నారు. మొదటి డ్రమ్ములో పూలు కోసినప్పటిలాగే ఉన్నాయి. పండ్లున్న రెండోదాంట్లో ఒక్కటి కూడా కళ్ళు తెరిచి లేదు. బాపు ఒకదాని తర్వాత ఒకటి ఎన్నోసార్లు చూశాడు. "పండే నోరు మూయించింది, మేడం" అన్నాడు చివరికి. మేడం కంటే ముందు ఆయనే చప్పట కొట్టాడు. నేను గంతులేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఏడ్చాను కూడా.

పెళ్ళి ఆర్డరు గంప లేకుండా పోయింది. అవ్వకు మాత్రం ప్రాణం ఒప్పలేదు, సేటు ఏమనుకుంటాడోనని గేటు దగ్గరే నిలబడింది. పెళ్ళయిపోయిన తర్వాత అతని ఫోన్ వచ్చింది. బాపు స్పీకర్ పెట్టాడు. "ఏం పూలు పంపినవన్నా! పందిరి ఇప్పేసినా అవి లేచే ఉన్నయి. గానీ అవ్వకు నామీద కోపమొచ్చిందా? సీతాఫలాలు రాలే?" మేమంతా నవ్వుతుంటే అవ్వ ఒక్కతే నవ్వలేదు. అప్పటినుంచి సేటు గంప పూలతో కాకుండా వేరే బండిలో ముందుగా పోతుంది. బ్రోకరు తెల్ల కారు మళ్ళీ వచ్చిన రోజు బాపు నిచ్చెనమీద ఉన్నాడు, పాలీహౌస్ కవరు చిరిగిన చోట కొత్త ముక్క అతికిస్తున్నాడు. దిగలేదు.

ఆ తర్వాత మేడం మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చారో. ప్రతిసారీ అవ్వ పూలను స్కూటీ ముందు కట్టి, పండ్లను డిక్కీలో పెట్టి, "ఇప్పుడు ఇనవడది గద?" అని అడిగేది. ఆ అడగడం చూసి మేడం మురిసిపోయేవారు.

సంతాప సభ శంకర్‌పల్లిలో వాళ్ళింట్లోనే పెట్టారు. మా పాలీహౌస్ నుంచి తెల్ల కార్నేషన్లు తీసుకెళ్ళి ఆమె ఫోటో ముందు కుండీలో అమర్చాను. ఎవరో పెద్దాయన ఆమె చదువులూ ఉద్యోగాలూ వరుసగా చదువుతున్నారు. గది నిండా మనుషులున్నా ఆయన గొంతు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. ఒర్లే గొంతు ఆగిపోయిందన్నది అప్పుడు తెలిసి, అప్పుడు వచ్చింది ఏడుపు.

కళ్ళు తుడుచుకుని చూద్దును కదా, ఫోటో ముందు వచ్చినవాళ్ళు పండ్లు పెడుతున్నారు. అరటిపళ్ళు, యాపిళ్ళు, ఒక పళ్ళెం నిండా సీతాఫలాలు. సరిగ్గా నా పూల పక్కనే! తలుపులు మూసి ఏసీ కూడా వేశారు. నా చేతులు ఆగలేదు. ప్రసంగం నడుస్తుండగానే లేచి వెళ్ళి సీతాఫలాల పళ్ళెం ఎత్తాను. అటువైపు నుంచి ఇంకెవరిదో చెయ్యి అరటిపళ్ళ మీద పడింది. తల నెరిసిన మనిషి, నాకు అసలు తెలియదు. తర్వాత తెలిసింది, చేవెళ్లలో మందుల షాపు నడుపుతాడట. వెనక వరుస నుంచి ఒక అమ్మాయి అప్పటికే యాపిళ్ళ కోసం లేచి వస్తోంది.

"ఏమైందండీ?" అని మేడం చెల్లెలు కంగారుగా అడిగింది.

"మీరు ఏ బ్యాచ్?" అని అతను నన్ను గుసగుసగా అడిగాడు. అంతే, నాకు నవ్వొచ్చేసింది. అతనికీ వచ్చింది. సంతాప సభలో, చేతుల్లో పళ్ళేలు పెట్టుకుని, ముగ్గురం ఆపుకోలేక నవ్వాం.

చెప్పింది ఆమె. విన్నది మేము. విన్నాక పండ్లన్నీ మోసుకెళ్ళి బయట అరుగుమీద పెట్టాం.